పెళ్ళికూతురి తండ్రికి మేకప్

మేకప్ మాట్లాడుకోవడానికి మగవాళ్ళు ఫోన్ చేస్తే నాకు మొదటినుంచీ కాస్త చిరాకే. పెళ్ళికూతురి ఒంటిరంగేమిటో, చీర ఏ రంగో, పీటల మీద ఎన్నింటికి కూర్చోవాలో ఒక్కటీ తెలియదు. "బాగా చెయ్యండి, చాలు" అంటారు. అందుకే ఆ మధ్యాహ్నం చేపల పులుసు దింపుతూ ఫోనెత్తినప్పుడు నా గొంతులో మర్యాద తక్కువే ఉండి ఉంటుంది.

"మేడమ్, మీరు పెండ్లి మ్యాకప్ చేస్తరని గ్రూపుల నెంబర్ చూసిన" అన్నాడు అవతలి మనిషి.

"పెళ్ళి ఎవరిది?"

"మా బిడ్డది."

"హాలు ఎక్కడ తీసుకున్నారు?"

"హాలు కాదు మేడమ్. పెండ్లి మా ఊర్లె. జగిత్యాల దిక్కు."

"అంతదూరం నేనెలా వస్తానండీ? నేనుండేది దోహాలో. జగిత్యాలలోనే బోలెడుమంది చేసేవాళ్ళు దొరుకుతారు మీకు."

"నేను గూడ దోహాల్నే ఉన్న మేడమ్. పిల్లకు ఆడ మాట్లాడిన్రు. ఈడ మ్యాకప్ నాకు."

ఫోన్ పెట్టేశాను. ఆడవాళ్ళ నెంబరు గ్రూపులో కనపడితే చాలు, పనిలేనివాళ్ళు వెటకారానికి చేస్తూనే ఉంటారు. ఒళ్ళు మండి పులుసులో ఉప్పు రెండోసారి వేశాను. ఆ రోజు మా ఆయన మజ్జిగన్నంతోనే సరిపెట్టుకున్నారు.

మర్నాడు మళ్ళీ అదే నెంబరు. ఈసారి మా ఆయన చేతికిచ్చాను, నాలుగు తగిలించమని. ఆయన ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళారు. ఒక బిల్డింగులు కట్టే కంపెనీలో స్టోరు చూసే మనిషి, కూలీల క్యాంపుల్లో ఉండేవాళ్ళతో రోజూ మాట్లాడతారు. పది నిమిషాలకి లోపలికొచ్చి, "వెటకారం కాదు. శుక్రవారం పొద్దున్న రమ్మన్నాను. నేనూ ఇంట్లోనే ఉంటాను" అన్నారు. ఎందుకని అడిగితే, "వచ్చాక చూడు" అని ఊరుకున్నారు.

నేను రాజమండ్రిలో ఒక పార్లర్లో పని నేర్చుకుని, పెళ్ళయ్యాక ఈయన వెంట ఖతార్ వచ్చాను. అల్ హిలాల్‌లో మా ఫ్లాటు ముందుగదే నా పనిగది. పెద్ద అద్దం, గుండ్రటి లైటు స్టాండు, వెనక్కి వాలే కుర్చీ. ఈ గదిలో తెలుగువాళ్ళు, మలయాళీలు, తమిళులు ఎంతోమంది పెళ్ళికూతుళ్ళయి కారెక్కారు. మగవాళ్ళకి చేయనని బోర్డు పెట్టలేదు గానీ, తెలిసినవాళ్ళకి తెలుసు. పెళ్ళికొడుకు మొహానికి కాస్త పౌడరద్దమన్నా ఒప్పుకునేదాన్ని కాదు.

శుక్రవారం అతను వచ్చాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. తలకి టోపీ, మొహానికి ఆసుపత్రుల్లో పెట్టుకునే మాస్కు, చేతుల్లో ఒక దానిమ్మపళ్ళ పెట్టె. వాళ్ళ క్యాంపు అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్ దగ్గరట, అక్కడినుంచి తెచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, పెట్టె మా ఆయన చేతికిచ్చి, కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చున్నాడు. మాస్కు తీయమన్నాను. తీశాడు.

ఎడమ చెవి కింద మొదలై మూతి చివరి దాకా, అక్కణ్ణించి మెడ మీదికి చర్మం కాలి, ముడుచుకుపోయి మానింది. కొంత గులాబీ రంగు, కొంత బొగ్గు రంగు. ఎడమ కనుబొమ్మ చివర సగం లేదు. నేను ఈ పనిలో మచ్చలు, కోతలు, బొల్లి అన్నీ చూసినదాన్నే. అయినా మొన్న ఫోన్ పెట్టేసినందుకు అప్పుడు సిగ్గేసింది. ఆ మాట పైకి అనలేదు, నీళ్ళు తాగుతారా అని అడిగాను.

అల్ రువైస్‌లో ఒక గోడౌను మిద్దె మీద నీళ్ళు దిగకుండా తారు పోసే పని. డ్రమ్ములో తారు మరుగుతుంటే సముద్రం వైపునుంచి గాలి తిరిగి మంట మొహం మీదికి కొట్టిందట. "చెయ్యి అడ్డం పెట్టే టైం గూడ ఇయ్యలే" అన్నాడు. నాలుగు నెలలైంది. కన్ను దక్కిందని డాక్టర్లు సంతోషపడ్డారట, తనూ సంతోషపడ్డాడట. ఆసుపత్రి నుంచి క్యాంపుకి వచ్చిన వారానికే ఇంటినుంచి ఫోను, పిల్లకి సంబంధం కుదిరిందని.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ మాట్లాడతాడు, వీడియో అంటే మాత్రం క్యాంపులో నెట్ మాఫీ అంటాడు, అంటే అరబ్బీలో లేదని. గల్ఫ్‌లో అందరికీ తెలిసిన మాట గనక ఇంట్లోవాళ్ళు నమ్మారు. ఊరివైపు మనుషుల్లో కాలిన సంగతి ఎరిగినవాడు ఒక్కడే, పక్కూరి కుర్రాడు, ఇతని గదిలోనే ఉండేవాడు. లీవు మీద ఇంటికి పోతుంటే వాడి చేత తల్లి మీద ఒట్టేయించుకున్నాడు, ఎక్కడా అనొద్దని.

"మరి మీరు పెళ్ళికి వెళ్ళట్లేదా?"

"లీవియ్యలే మేడమ్" అన్నాడు, నేలకేసి చూస్తూ.

పెళ్ళికి రెండు వారాల ముందు ట్రయల్ వేసి చూడటం మా పద్ధతి. ఇలాంటి చర్మానికి అది మరీ ముఖ్యం. ముందు చెవి వెనక కాస్త రాసి, మంట పుడుతుందేమోనని అరగంట ఆగాను. పుట్టలేదు. కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకోమన్నాను. నా కుర్చీలో కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎందుకో అబద్ధం ఆడలేరు. అత్తగారి గురించి, వద్దనుకున్న సంబంధం గురించి ఎంతమంది ఎన్ని చెప్పారో. ఇతనూ పావుగంటకి నోరు విప్పాడు.

"అబద్ధం చెప్పిన మేడమ్. లీవిచ్చిన్రు. నెలరోజులిచ్చిన్రు. నేనే తీసుకోలే."

స్పాంజ్ పట్టుకున్న నా చెయ్యి ఆగింది.

"ఈ మొఖమేసుకొని పెండ్లిపందిట్ల ఎట్ల కూసుందు మేడమ్? పిల్లగానోళ్ళు ఏమంటరు? శుభమా అని పెండ్లయితుంటే గీ మొఖమేందని ఒక్కలన్న అంటరు. అది బిడ్డ చెవుల వడ్తది."

నాకు కోపం ఆగలేదు. "మగపెళ్ళివారు ఏదో అంటారని కన్నకూతురి పెళ్ళికి తండ్రి రాకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుందో ఆలోచించారా?"

"ఏడుస్తది. రెండ్రోజులు ఏడుస్తది. కంపెనీ లీవియ్యలేదని కంపెనీని తిడ్తది. గదే మంచిది."

ఇంక అతను అడిగేది ఒక్కటే. కాళ్ళు కడిగి కన్యాదానం చేసే చోట తన బదులు తమ్ముడు కూర్చుంటాడు. దానికి ముందు ఒక్క పది నిమిషాలు కూతురు తనను వీడియోలో చూడాలి. మా బాపు మంచిగున్నడు అనే ధీమాతో పీటల మీదికి పోవాలి. నాలుగు నెలల నుంచీ మొహం చూపించకుండా పెళ్ళిరోజు కూడా చూపించకపోతే ఏదో ఉందని పసిగడుతుంది. "పది నిమిషాలు మేడమ్. ఎక్కువ అడుగుతలేను" అన్నాడు.

మచ్చ కప్పి, కనుబొమ్మ గీసి, కుర్చీ లేపి అద్దం చూపించాను. చాలాసేపు చూసుకున్నాడు. చెంప ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏడిస్తె పోతదా?"

పెళ్ళికూతుళ్ళందరూ అడిగే మాటే అది, అప్పగింతల గురించి. వాళ్ళకి చెప్పేదే చెప్పాను. "పోదు. చెమటకి పోదు, నీళ్ళకి పోదు, కన్నీళ్ళకీ పోదు. నూనె పెట్టి తీస్తేనే వస్తుంది."

లేచి వెళ్ళబోతూ జేబులోంచి ఒక పాస్‌పోర్ట్ ఫొటో తీశాడు. ఆరేళ్ళ కిందట ఇక్కడికి వచ్చేటప్పుడు తీయించుకున్నదట. నున్నటి చెంపలు, నూనె పెట్టి దువ్విన జుట్టు. వాళ్ళ వైపు గల్ఫ్ నుంచి రాలేకపోయిన తండ్రుల్ని పెళ్ళి ఆల్బంలో స్టూడియోవాళ్ళే నిలబెడతారట, ఉన్న ఫొటో ఏదో తీసుకుని పెళ్ళికూతురి పక్కన అతికించి. "ఆల్బంల గిదే పెడ్తరు. గందుకే ఆ దినం గూడ గిట్ల కనవడితె సాలు" అని ఫొటో నా దగ్గరే వదిలి వెళ్ళాడు.

ఆ చివరి మాటని నేను నా వృత్తికి దక్కిన సవాలుగా తీసుకున్నాను. తప్పు అక్కడ మొదలైంది.

పెళ్ళి కూడా శుక్రవారమే పడింది. అక్కడ పదింబావుకి కన్యాదానమంటే మనకి పావుతక్కువ ఎనిమిది. అయిదున్నరకే వచ్చాడు, తెల్లచొక్కా, కొత్త పంచె, భుజాన తువ్వాల. క్యాంపులో అందరూ పడుకుని ఉండగానే తలస్నానం చేసి వచ్చానన్నాడు. ఆ రోజు నన్ను మేడమ్ అనలేదు, అక్కా అన్నాడు. మా ఆయన టీ ఇస్తే, పెళ్ళయ్యేదాకా ఏమీ ముట్టనన్నాడు. ఇక్కడున్నా కన్యాదానం చేసే తండ్రి ఉపవాసం ఉండాలి కదా.

ఫొటోని అద్దానికి ఆనించి పని మొదలుపెట్టాను. మచ్చ కప్పేసరికి ఇంకా గంట టైం మిగిలింది. అక్కడితో ఆపి ఉండవలసింది. అతను అడిగింది అంతే. కానీ ఫొటోలోని మొహానికీ కుర్చీలోని మొహానికీ ఇంకా ఆరేళ్ళ తేడా ఉంది. ఎండకి మాడిన నుదురు, కళ్ళ కింద నల్లటి చారలు, పగిలిన పెదవులు. నా చెయ్యి ఊరుకోలేదు. నుదురు తేరేలా చేశాను, కళ్ళ కింది అలసట తీసేశాను, పెదవులకి కనపడీ కనపడనంత రంగు వేశాను. ఏడింటికి లైటు వేసి చూస్తే కుర్చీలో ఆ ఫొటో మనిషే కూర్చుని ఉన్నాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "మిమ్మల్ని చూస్తే పెళ్ళి మీదేననుకుంటారు" అన్నారు. అతను నవ్వాడు. ఇన్ని రోజుల్లో అతను నవ్వగా చూడటం అదే మొదలు. నాకు గర్వంగా ఉంది. ఉన్నమాట చెబుతున్నాను, చాలా గర్వంగా ఉంది.

ఫోనుని గుండ్రటి లైటు స్టాండుకి బిగించి, వీడియో కలిపాం. నేనూ మా ఆయనా స్టాండు పక్కగా, తెరా అతని మొహమూ కనపడేలా, అవతలివాళ్ళకి కనపడకుండా నిలబడ్డాం.

ముందు భార్య వచ్చింది. "మంచిగున్నవా" అని ఒక్క మాట అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో పెద్దామె ఫోనులోకి తొంగి చూసి, "వీనికి దుబాయ్ నీళ్ళు వడ్డయే. ఎంత రంగొచ్చిండు" అంది. వాళ్ళకి గల్ఫంతా దుబాయే. ఇంకెవరో, "ఏసీల కూసోవెట్టిన్రు కావచ్చు" అన్నారు. చుట్టూ నవ్వులు. అతనూ నవ్వుతూ తలూపాడు. నేను మా ఆయన చెయ్యి గిల్లాను, చూశారా అన్నట్టు.

తర్వాత ఫోను పిల్ల చేతికి వెళ్ళింది. పెళ్ళికూతురికి అక్కడ ఎవరు చేశారో గానీ, మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. రెండు వన్నెలు ఎక్కువ తెలుపు చేసేశారు. నా కన్ను ముందు దాని మీదికే పోయింది. ఆ తెలుపు వెనక పిల్ల మొహంలో ఏముందో చూడటానికి నాకు కొంచెం టైం పట్టింది.

ఆమె నవ్వట్లేదు. తండ్రిని నుదుటి నుంచి గడ్డం దాకా నిదానంగా చూసింది.

"మంచిగున్నవ్ బాపూ" అంది.

"మంచిగున్న బిడ్డా. నువ్వు లచ్చిమి లెక్కున్నవ్."

"నేను నువ్వేదో పానం బాగలేక వీడియోల కనవడ్తలేవు అనుకున్న. రోజు అవ్వతోటి గదే అన్న. ఎంత మంచిగున్నవో గిప్పుడు చూస్తున్న." పక్కనున్న తల్లికేసి ఒకసారి చూసి మళ్ళీ ఫోనులోకి చూసింది. "లీవిచ్చిన్రట గద బాపూ."

అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. నేను వేసిన పెదవుల రంగు మీద ఆ నవ్వు చూడటానికి భయంగా ఉంది.

"లీవెక్కడ బిడ్డా, కంపెనీ..."

"నెలరోజులిచ్చిన్రట. నువ్వే వద్దన్నవట. అన్న చెప్పిండు." అన్న అంటే ఆ పక్కూరి కుర్రాడు. కాలిన సంగతి చెప్పనని వాడు ఒట్టేశాడు, ఆ మాట మీద నిలబడ్డాడు. లీవు సంగతి దాచమని మాత్రం వాడికెవరూ చెప్పలేదు. తండ్రి ఎందుకు రాలేదని పిల్ల అడిగితే, లీవిచ్చారుగా, తీసుకోలేదంతే అనేశాడు. సగం రహస్యం దాచి సగం వదిలేసరికి, మిగిలిన సగానికి అర్థమే మారిపోయింది.

"గింత మంచిగున్నవ్ గద. ఒంట్ల బాగలేకుంటె అనుకుందును. నాకన్న నీకు గా దుబాయే మంచిగనిపించింది" అంది పిల్ల. అరవలేదు, తిట్టలేదు. "చిన్నబాపు కడుగుతడు తియ్యి కాళ్ళు." ఫోను పక్కన పెట్టేసింది. కట్ చేయలేదు. తెరమీద పందిరి గుడ్డ, దాని అంచున ఆమె చీర చెంగు మాత్రం కనపడుతున్నాయి.

అతను మచ్చ చూపిస్తే కూతురు బాధపడుతుందని భయపడ్డాడు. నేను దాన్ని అంత బాగా కప్పి ఆమెని అంతకంటే ఎక్కువ బాధపెట్టాను. మచ్చ ఒక్కటే కప్పి ఊరుకున్నా, ఆ మాడిన నుదురు, ఆ కళ్ళకింది చారలు చూసైనా తండ్రి సుఖంగా లేడని పిల్లకి తెలిసేది. అవి కూడా లేకుండా చేసింది నేనే, ఎవరూ అడగకుండానే.

"బిడ్డా" అని పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. చీర చెంగు కదిలింది గానీ మొహం రాలేదు. అప్పుడతను భుజం మీది తువ్వాల తీసి ఎడమ చెంప రుద్దుకోవడం మొదలుపెట్టాడు. పోలేదు. టీపాయ్ మీది గ్లాసులో తువ్వాల ముంచి రుద్దాడు. పోలేదు. నీళ్ళు ముత్యాల్లా జారి చొక్కా మీద పడుతున్నాయి తప్ప రంగు చెక్కుచెదరలేదు. కొత్త చర్మం కింద ఎర్రబడుతోంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, తియ్యి" అన్నాడు.

"తీస్తే మళ్ళీ వేయడానికి టైం లేదు."

"మళ్ళ వద్దు. తియ్యి."

కొబ్బరినూనె సీసా, దూది తెచ్చాను. నూనె అద్ది, చెవి దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా తీస్తూ వచ్చాను. గులాబీ రంగు బయటపడింది, తర్వాత బొగ్గు రంగు. నేను గీసిన సగం కనుబొమ్మ దూదికి అంటుకుని వచ్చేసింది. మెడ కూడా తీశాను. కుడివైపుకి తిరగబోతుంటే ఫోనులోంచి ఊపిరి ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

పిల్ల ఫోను చేతిలోకి తీసుకుంది. ఎప్పుడు తీసుకుందో మేం చూడలేదు.

ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని అడిగింది. "ఎప్పుడైంది?"

"నాలుగు నెలలాయె."

"అవ్వకెరుకనా?"

"ఎవ్వలకెరుక లేదు."

"గిందుకేనా రాలే?"

అతను తలూపాడు. "పిల్లగానోళ్ళు ఏమన్న అంటరని. నీ పెండ్లిల నా మొఖం గురించి ముచ్చట్లు వద్దని."

పిల్ల ఏడుపు చప్పుడు లేకుండా వచ్చింది. చేత్తో కళ్ళు తుడుచుకోబోతుంటే నా నోటినుంచి అలవాటుగా మాట వచ్చేసింది. "తుడవకమ్మా, అద్దుకో." నేనెవరో ఆమెకి తెలియదు, అడగనూ లేదు. నేను చెప్పినట్టే కొంగుతో అద్దుకుంది.

వెనకనుంచి ఎవరో, టైమైంది, పిల్లని తీసుకురండి అంటున్నారు. నేను దూదికి మళ్ళీ నూనె అద్దాను, మిగిలిన సగం కూడా తీసేద్దామని. "అట్లనే ఉండు బాపూ" అంది పిల్ల. "కదలకు. ఫోన్ వెట్టకు."

ఫోను ఆమె చేతిలోనే మంటపం దాకా నడిచింది. మాకు నేల, పూలు, ఎవరెవరివో పాదాలు కనపడ్డాయి. తర్వాత తెర నిలబడింది. కన్యాదానం చేసేవాళ్ళు కూర్చునే పీట మీద, చిన్నబాపు పక్కన, బియ్యం పళ్ళేనికి ఆనించి పెట్టించింది. ఎదురుగా ఇత్తడి పళ్ళెం, అందులో పెళ్ళికొడుకు పాదాలు. చుట్టూ మనుషుల మోకాళ్ళు. ఎవరిదో ఆడగొంతు వినపడింది. "అయ్యో, ఎవలే గా ఫోన్ల? గదేంది గట్లున్నది?"

అతని చెయ్యి చెంప మీదికి లేచింది.

"మా బాపు" అంది పెళ్ళికూతురు, తల ఎత్తకుండా.

మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు. అనుకుని ఉండవచ్చు, మాకు వినపడలేదు. అతను చెయ్యి దింపేశాడు. పంతులుగారు మంత్రం మొదలుపెట్టగానే వెనక్కి తిరిగి, "అక్కా, చెంబెడు నీళ్ళిస్తవా" అన్నాడు. చెంబూ స్టీలు పళ్ళెమూ నేను తెచ్చేలోపు మా ఆయన నా సామాన్లన్నీ ఓ పక్కకి నెట్టి నేలమీద చోటు చేశారు. అక్కడ తమ్ముడు పోస్తుంటే ఇక్కడ ఇతను పోశాడు, ఎవరి పాదాలూ లేని పళ్ళెంలోకి. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసి, తడిచేతులు కళ్ళకద్దుకున్నాడు. కుడి కంటి కింద నేను వేసిన రంగు కన్నీళ్ళకి కరగలేదు. ఎడమవైపు కరగడానికి ఏమీ లేదు.

ఆ రోజు నుంచి చాలాకాలం నాకు చెయ్యి సాగలేదు. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు చేశాను గానీ, ఎవరికైనా కళ్ళకింద అలసట కప్పుతుంటే, ఇది ఎవరు చూడకూడదని కప్పుతున్నాను అనిపించేది. మా ఆయనతో అంటే, అందరి విషయంలో అలా ఆలోచిస్తే బతకలేవు అన్నారు. నిజమే. పెళ్ళికూతురు అందంగా ఉండాలనుకోవడంలో తప్పేముంది. నేను ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. అడిగిన దానికంటే ఒక్క చుక్క ఎక్కువ మాత్రం వేయను.

నెల తర్వాత అతను అప్పుడు వద్దన్న లీవు తీసుకుని ఊరికెళ్ళాడని తెలిసింది. తిరిగొచ్చాక ఒక శుక్రవారం మా ఇంటికి వచ్చాడు. మాస్కు లేదు, టోపీ లేదు. వాళ్ళావిడ చేసిచ్చిన సకినాల డబ్బా మా ఆయన చేతిలో పెట్టి, సంచిలోంచి ఒక పెద్ద ఫొటో తీసి నాకిచ్చాడు. పెళ్ళి ఆల్బంకి తీసినదే, నా కోసం ఇంకో కాపీ వేయించిందట కూతురు.

పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, తల్లి, చిన్నబాపు కుటుంబం. పెళ్ళికూతురి పక్కన స్టూడియోవాళ్ళు అతికించిన తండ్రి. పాస్‌పోర్ట్ ఫొటో కాదు. ఆ పొద్దున పీట మీది ఫోను తెరని ఫొటోగ్రాఫరు తీసిన ఫొటోలోంచి కత్తిరించిన మొహం. సగం కాలింది, సగం నేను వేసింది.

"స్టూడియో అతను కంప్యూటర్ల గా దిక్కు గూడ సాఫ్ జేస్త అన్నడట అక్కా. ఐదు నిమిషాల పని అన్నడట" అన్నాడు అతను. "బిడ్డ వద్దన్నదట."

నేను ఫొటో చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను. కుడి చెంప మీద నా పని చక్కగా నిలిచింది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఎవరు చూసినా ముందు ఎడమవైపే చూస్తారు. నేనూ అటే చూశాను.